లారీలు తిరగని దారుల్లో గోదావరి డెల్టా: సైకిలు మీద ఎలా వెళ్ళాలి

ధవళేశ్వరం దిగువ నుంచి సముద్రం దాకా నేలంతా బల్లపరుపు. ఎత్తు ఎక్కాల్సి వస్తే అది వంతెన మీదే. అందుకే గేర్ల సైకిలు కొన్నవాళ్ళ చూపు ముందు కోనసీమ మీద పడుతుంది. వచ్చినవాళ్ళు మ్యాపులో లావుగా కనిపించే 216 నంబరు జాతీయ రహదారి ఎక్కేస్తారు. రొయ్యల వ్యాన్లు, కొబ్బరి లారీలు, బస్సులు, వాటి హారన్లు. రోజంతా అద్దంలో వెనక్కి చూసుకోవడంతోనే సరిపోతుంది. కొబ్బరి తోటలు చూశామంటారు కానీ చూసింది లారీల వెనక రాసిన రాతలు.

రద్దీ లేని దారి కావాలంటే ముందు ఒక సూత్రం పట్టుకోండి: నీళ్ళ దగ్గర ఆగిపోయే రోడ్డు ఎంచుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. వీటి మీద వంతెనలు కొన్నే. దూరం పోయే బండి ఏదైనా ఆ వంతెన వైపే పరిగెడుతుంది. రేవు దగ్గరో, సముద్రం ఒడ్డునో ముగిసే రోడ్డు మీద ఆ ఊరివాళ్ళు తప్ప ఎవరూ తిరగరు. మనకు కావలసింది అదే.

దారి ఎంచుకోవడం

ఫోనులో మ్యాపు తెరిచి ఉపగ్రహ చిత్రం పెట్టుకోండి. ఊళ్ళ మధ్య మూడు రకాల గట్లు కనిపిస్తాయి. మూడింటి తీరూ వేరు.

కాలువ గట్టు అన్నిటికన్నా నమ్మకమైనది. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించాక తవ్విన కాలువలు పొలాలకే కాదు, పడవల రాకపోకలకు కూడా. ఇప్పటికీ లాకులు, అంటే నీటిమట్టం మార్చి పడవలను దాటించే తలుపులు, కనిపించేది అందుకే. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూస్తే సంగతి తెలుస్తుంది. పడవ పోయే కాలువకు వాలు చాలా తక్కువ, కాబట్టి పక్కనున్న గట్టు కూడా మైళ్ళ తరబడి సమంగా సాగుతుంది. దారి తప్పే భయం లేదు. కాలువ మీకు ఏ చేతి వైపు ఉందో గుర్తుంటే చాలు. సాధారణంగా ఒక గట్టు మీద తారు ఉంటుంది, రెండో గట్టు మట్టిది. తారు వైపు మోటారు సైకిళ్ళు తిరుగుతాయి. నేల ఆరి ఉన్న రోజుల్లో మట్టి గట్టే ఎక్కండి. కాలువ వైపు అడ్డుగోడ ఉండదు, గేదెలు చెప్పకుండా పైకి ఎక్కుతాయి. అందుకని చీకటి పడ్డాక మాత్రం అటు వద్దు.

ఏటిగట్టు వరదను ఆపడానికి పోసింది. ఎత్తుగా ఉంటుంది. ఒకపక్క ఊళ్ళు, ఇంకోపక్క లంకలు (నది మధ్య దిబ్బలు), నది. చూడ్డానికి ఇదే అందమైనది. కాకపోతే ట్రాక్టర్లు వేసిన గాళ్ళలో ముందు చక్రం ఇరుక్కుంటుంది. గాడిలో కాకుండా రెండు గాళ్ళ మధ్య గడ్డి మీద తొక్కండి.

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ రొయ్యల చెరువుల గట్లు వస్తాయి. మ్యాపులో చక్కగా గళ్ళుగళ్ళుగా కనిపిస్తాయి కానీ అవి సొంత స్థలాలు. కాపలా మనిషిని అడగకుండా వెళ్ళకండి. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు లాగిన కరెంటు తీగలు నేల మీదే ఉంటాయి. కాపలా కుక్కలూ ఉంటాయి. కుక్క వెంటపడితే వేగం పెంచడం కాదు, దిగిపోవడం మేలు. సైకిలు మీకూ దానికీ మధ్య పెట్టి నడవండి. నాలుగడుగులకే దానికి విసుగు వస్తుంది.

ఇక దారి అడగడం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గోదావరి మనిషి మర్యాదస్తుడు, మీకు కష్టం లేని దారే చెప్తాడు. "గట్టెమ్మట సైకిలు ఎల్తదాండీ?" అని అడిగితే, "ఎల్తదండి, ఎందుకండీ ఆ గతుకుల్లో, ఇలా మెయిన్ రోడ్డున పోండి" అని మళ్ళీ హైవే మీదకే తోలేస్తాడు. దూరం అడిగితే ఎంతున్నా "ఇక్కడేనండి" అంటాడు. కాబట్టి ప్రశ్న మార్చండి: "ఆ ఊరి పిల్లలు సైకిళ్ళ మీద బడికి ఏ దారిన వస్తారండీ?" అని అడగండి. బండ్ల భయం లేని దారి ఏదో, వానొస్తే ఏది బురదవుతుందో పిల్లల తల్లులకు తెలిసినంతగా ఏ మ్యాపుకీ తెలియదు.

ఎప్పుడు, ఏ వైపు నుంచి

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. సార్వా (మొదటి పంట) కోతలు అయిపోయి, దాళ్వా (రెండో పంట) నాట్లు పడుతూ ఉంటాయి, కాలువల నిండా నీళ్ళుంటాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను గురించి ఇక్కడ పెద్దవాళ్ళు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు. ఏప్రిల్ దాటితే కాలువలు కట్టేస్తారు, ఎండ మండిపోతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఎదురుబిడియం లాంటి లోతట్టు కాజ్‌వేలు, అంటే నదీపాయల మీద తక్కువ ఎత్తులో వేసిన రోడ్లు, ముందే మునుగుతాయి. ఆ రోజుల్లో ఏటిగట్టు దాటి లంకల్లోకి దిగొద్దు. మోకాలు లోతే కదా అని సైకిలు నెట్టుకుంటూ పోయే పని అసలు వద్దు, ప్రవాహం చక్రాన్ని పట్టి లాగేస్తుంది.

సంక్రాంతి నాలుగు రోజులు వదిలేయండి. కోడిపందేల బరుల వైపు కార్లు బారులు తీరతాయి, ఇరుకు రోడ్లే ముందు జామవుతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూడాలనుకుంటే చూడండి, కానీ ఆ రోజు సైకిలుకు సెలవివ్వండి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం రోజుల్లో ఆ వైపు కూడా ఇదే తంతు.

కొండలు లేని చోట కాళ్ళను పరీక్షించేది గాలి. పొద్దున్నే గాలి ఉండీ లేనట్టుంటుంది. పదకొండు, పన్నెండు దాటాక సముద్రం నుంచి లోపలికి తిరుగుతుంది. కాబట్టి తీరానికి పొద్దున వెళ్ళండి, మధ్యాహ్నం తర్వాత లోపలి ఊళ్ళ వైపు రండి. మీ వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టుంటుంది. మొత్తం యాత్ర దిశ కూడా గాలిని బట్టే: డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలి కాబట్టి కాకినాడలో మొదలుపెట్టి నరసాపురంలో ముగించండి. ఫిబ్రవరి సగం దాటాక దక్షిణపు గాలి మొదలవుతుంది, అప్పుడు తిరగేయండి. ఈ ఒక్క సంగతి పట్టించుకోక రోజంతా ఎదురుగాలిలో తొక్కి, డెల్టాలో సైకిలు తొక్కడం కష్టమని తేల్చేసే వాళ్ళున్నారు.

సైకిలూ సామానూ

సన్నటి టైర్ల రేసు సైకిలు ఇక్కడ పనికిరాదు. 35 మిల్లీమీటర్లకు తక్కువ కాని టైరు వేయండి. గాలి కాస్త తగ్గించి తొక్కితే గతుకులు తెలియవు. ఊళ్ళలో సైకిలు షాపులు ఇంకా ఉన్నాయి, పంక్చరు వేస్తారు, చువ్వ మారుస్తారు. కానీ వాళ్ళ దగ్గర దొరికేది మామూలు సైకిళ్ళ 28 అంగుళాల ట్యూబు, పిల్లల గేర్ల సైకిళ్ళకు 26 అంగుళాలది. మీ సైకిలుకు 700సి కొలత ట్యూబు కావాలంటే కాకినాడలో కొనుక్కోవలసిందే. రెండు ట్యూబులు వెంట ఉంచుకోండి. మోటారు సైకిలుకుండే లావు వాల్వు ఉన్నవైతే ఏ పంక్చరు షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. సన్న వాల్వు అయితే అడాప్టరు తప్పనిసరి.

సర్కారు తుమ్మ ముళ్ళు గట్ల మీద ఎక్కువ. పంక్చరు అయినప్పుడు ట్యూబు మార్చేసి ఊరుకోకుండా టైరు లోపల వేలు తిప్పి ముల్లు తీసెయ్యండి, లేకపోతే కొత్త ట్యూబు ఫర్లాంగు కూడా రాదు. ఇంకో శత్రువు రేగడి. వాన పడిన గట్టు మీద నల్లమట్టి టైరుకు పొరలుపొరలుగా అంటుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, చక్రం తిరగకుండా బిగిసిపోతుంది. చిన్న పుల్లతో గీకుతూ కూర్చోవడం తప్ప మందు లేదు. అందుకే వాన పడితే ఒకరోజు తారు రోడ్డుకు మారిపోండి. కోతల రోజుల్లో ఎండుగడ్డి గేర్లలో చుట్టుకుంటుంది. చప్పుడు మారిందనిపిస్తే వెంటనే దిగి చూడండి.

లైట్లు, ముందువీ వెనకవీ, తప్పనిసరి. చీకట్లో తొక్కడానికి కాదు, జనవరి పొద్దుటి మంచు కోసం. ఎనిమిదింటికి కూడా ఎదురొచ్చే బండి కనిపించని రోజులుంటాయి.

రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీద నుంచి వెళ్ళకండి. దిగి అంచున నడవండి. రైతుకు అది ఆరు నెలల కష్టం. పైగా కుప్పల చుట్టూ పెట్టిన రాళ్ళు, తాటి దుంగలు సందె వేళ కనబడవు.

దారి: కాకినాడ నుంచి నరసాపురం, నాలుగు రోజులు

రోజుకు మరీ ఎక్కువ దూరం కాకుండా వేసిన దారి ఇది. ఎక్కువ తొక్కగలరని నాకు తెలుసు. కానీ పంటు (మనుషులనూ బండ్లనూ నది దాటించే బల్లకట్టు పడవ) కోసం అరగంట, బాతుల మంద కోసం పది నిమిషాలు, కొబ్బరిబొండం కొట్టించుకోవడానికి ఇంకో పది అలా పోతుంటాయి. ఆ టైము చేతిలో ఉండాలి.

మొదటి రోజు కాకినాడ నుంచి యానాం, సుమారు 30 కిలోమీటర్లు. మొత్తం యాత్రలో హైవే మీద ఎక్కువ దూరం తప్పనిది ఇక్కడే, అందుకని తెల్లవారగానే బయల్దేరి ఆ ముక్క దాటేయండి. చొల్లంగి దాటాక కోరంగి. మడ అడవులు అక్కడే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సైకిలు గేటు దగ్గర తాళం వేసి చెక్క వంతెన మీద నడవండి. పోటు వేళ, అంటే సముద్రం నీరు పైకి ఎక్కినప్పుడు, వెళ్తే నీళ్ళలో చెట్లు కనిపిస్తాయి, అంతే. నీరు వెనక్కి తీసే పాటు వేళ వెళ్ళండి. బురదలోంచి వేలెడంత పుల్లలు వేలకువేలు నిటారుగా పొడుచుకొచ్చి ఉంటాయి. అవి తెల్లమడ, నల్లమడ చెట్ల ఊపిరి వేళ్ళు. గాలి అందని బురదలో చెట్టు బతికేది వాటితోనే. వాటి మధ్య బురద మీద గెంతే చేపలను, ఒక డెక్కే పెద్దదిగా ఉన్న పీతలను చూడాలంటే కదలకుండా రెండు నిమిషాలు నిలబడాలి. ఎండెక్కాక తెల్లమడ ఆకును తుంచకుండానే వేలితో తడిమి, వేలు నాలిక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకు బయటికి నెట్టేస్తుంది. తెలియని కొమ్మలు మాత్రం విరవకండి, తిల్ల చెట్టు పాలు కళ్ళలో పడితే ప్రమాదం. బావురుపిల్లి ఉంది కానీ పగటిపూట కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి.

రాత్రి యానాంలో. పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడ మందు చవక. సాయంత్రమయ్యాక యానాం చుట్టుపక్కల రోడ్ల మీద తొక్కకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

రెండో రోజు గౌతమి మీద 2002లో తెరిచిన బాలయోగి వంతెన దాటి ఎదుర్లంక. పొద్దున ఆరింటికి ఆ వంతెన మీద నదీ ముఖం వైపు చూడండి, ఆ తర్వాత బండ్లు ఆగనివ్వవు. మురమళ్ళ, అన్నంపల్లి దాటాక ముమ్మిడివరంలో హైవే వదిలి చెయ్యేరు మీదుగా కాట్రేనికోన వైపు తిరగండి. అసలు సైకిలు యాత్ర ఇక్కడ మొదలవుతుంది. కొబ్బరి తోటలు పలచబడి, వరి తగ్గి, చెరువులు మొదలై, గాలిలో ఉప్పు తగులుతుంది. ఓపిక ఉంటే బలుసుతిప్ప వైపు వెళ్ళి రండి. రోడ్డు నీళ్ళ దగ్గర ఆగిపోతుంది, అంటే మనకు కావలసిన రకం. ఊరి తుఫాను షెల్టరు స్తంభాల కింద నీడలో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి ఏ ఊరని అడుగుతారు. తిరుగు దారిలో ఉప్పలగుప్తం మీదుగా అమలాపురం. సముద్రం గాలి వెనకనుంచి నెడుతుంది. లాడ్జీలకు అమలాపురమే నయం.

మూడో రోజు అల్లవరం మీదుగా ఓడలరేవు. వైనతేయ సముద్రంలో కలిసే చోటు. అవతలి గట్టు కరవాక కళ్ళెదుటే కనిపిస్తుంది. పడవవాళ్ళు దాటిస్తారా అన్నది ఆ రోజు రేవులో అడిగి తేల్చుకోండి, సైకిలుకు వేరే డబ్బులు ముందే మాట్లాడుకోండి. పడవ లేకపోతే నది వెంట వెనక్కి వచ్చి బోడసకుర్రు-పాశర్లపూడి వంతెన. ఈ దారికి ఒక లాభముంది: వంతెన దాటాక దగ్గర్లోనే అప్పనపల్లి బాలబాలాజీ గుడి, మధ్యాహ్నం అన్నదానం. చెమట బట్టలతో ఎలా అని మొహమాటపడకండి, కాళ్ళు కడుక్కుని వరుసలో నిలబడండి. తిన్నాక రాజోలు దాకా నింపాదిగా.

ఈ రోజు దారిలోనే మీకు బాతుల మంద ఎదురవడం ఖాయం. కోసిన పొలాల్లో మేపడానికి వందల బాతులను ఒక్క మనిషి కర్రతో తోలుకెళ్తుంటాడు. గంట కొట్టకండి, మధ్యలోంచి దూరకండి. మంద చీలితే సగం కాలువలోకి దూకుతుంది, మళ్ళీ పోగేసేసరికి ఆయనకు పూట గడిచిపోతుంది. దిగి, సైకిలు కొబ్బరి చెట్టుకు ఆనించి నిలబడండి. చివరి బాతు దాటేదాకా.

నాలుగో రోజు తీరం వెంట. రాజోలు నుంచి శంకరగుప్తం, చింతలమోరి, తూర్పుపాలెం, కేశవదాసుపాలెం, అంతర్వేది. లారీ ముఖం చూడకుండా గంటలు గంటలు తొక్కగలిగే దారి ఇదే. ఒకపక్క సరుగుడు తోటలు, ఇంకోపక్క చెరువులు. శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల తల లేని కొబ్బరి చెట్లు మొండాల్లా నిలబడి ఉంటాయి. పోటుకు సముద్రం నీరు డ్రెయినులోంచి వెనక్కి ఎక్కి తోటల్లో చేరడం వల్ల చచ్చిపోయిన చెట్లు అవి. ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి రాజోలులోనే మూడు లీటర్లు నింపుకోండి.

ఇసుక మీద తొక్కాలని సరదాగా ఉంటే పాటు వేళ, తడి గట్టిపడిన చోట మాత్రమే. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, చీకటి పడ్డాక లైట్లు వేసుకుని బీచిలోకి వెళ్ళొద్దు. అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ళ గట్టు చూసి మధ్యాహ్నానికి సఖినేటిపల్లి రేవుకు తిరగండి. అక్కడ పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం.

పంటు ఎక్కడానికి పద్ధతుంది. మోటారు సైకిళ్ళన్నీ ఎక్కేదాకా ఆగి, చివర్లో సైకిలు నడిపించుకుంటూ ఎక్కండి. రేవు వాలు నాచుతో జారుతుంది, పెడలుకు బిగుసుకునే క్లీట్ బూట్లయితే మరీను. పంటు కదిలాక స్టాండు వేసి వదిలేయకుండా హ్యాండిల్ పట్టుకునే ఉండండి. దిగేటప్పుడు అందరికన్నా ముందు మీరే ఉంటారు, వెనక బైకులవాళ్ళు తొందరపెట్టినా గట్టెక్కాకే సైకిలెక్కండి.

తిండి

తిండి గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పొద్దున్నే పెసరట్టు ఉప్మా, అంబాజీపేట వైపు వెళ్తే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, దారిలో బొండాలు, చలికాలంలో తేగలు. ఒక్క జాగ్రత్త: మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో నిండుగా భోంచేస్తే ఆ తర్వాత సైకిలు కదలదు.

తిరుగు ప్రయాణం

నరసాపురం చేరగానే ముందు చేయాల్సింది సైకిలు కడగడం. చెరువుల మీద ఉప్పు గాలి, బీచిలో ఇసుక, రెండు రోజులు వదిలేస్తే చైను తుప్పు పడుతుంది. మంచినీళ్ళు నెమ్మదిగా పోయండి. వాటర్ సర్వీసింగ్ షాపులో ప్రెషర్ పంపు బేరింగుల మీద కొట్టించకండి, లోపలి గ్రీజు పోతుంది. ఆరాక చైనుకు నూనె వేయండి.

తర్వాత స్టేషనుకు వెళ్ళి పార్సిల్ ఆఫీసులో సైకిలును లగేజీగా బుక్ చేయించండి. టికెట్టు, గుర్తింపు కార్డు జిరాక్సు దగ్గర పెట్టుకోండి. పెడళ్ళు విప్పి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి, గేరు వైపు గోనెసంచి చుట్టండి. సీటు కింద మీ పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను రాసిన అట్టముక్క కట్టండి. నరసాపురం లైను అక్కడితో ఆఖరు, ఇక్కడ బయల్దేరే బండి ముందుగానే ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. దారిలో రెండు నిమిషాలు ఆగే స్టేషనులో ఎక్కించేటప్పుడుండే టెన్షన్ ఇక్కడ ఉండదు. అయినా బండి కదలడానికి గంటన్నర ముందే వెళ్ళండి, సైకిలు లగేజీ పెట్టెలోకి ఎక్కడం కళ్ళారా చూసుకున్నాకే మీ బోగీకి వెళ్ళండి.